మాట ఉండగానే

నా పేరు గోరంట్ల యలమంద. మా నాన్న పేరు వెంకటప్పయ్య. ఈ పత్రం చదివించుకుని విన్నాను. ఇందులో రాసిన అధికారాలు క్రిస్టీనాకి నా ఇష్టపూర్వకంగా ఇస్తున్నాను. పొద్దుట లేచినప్పటి నుంచి యలమంద ఈ నాలుగు ముక్కలే లోపల తిప్పుకుంటున్నాడు. రిజిస్ట్రారు ఆఫీసు వరండాలో చెక్క బల్ల మీద కూర్చున్నాడు. పక్కన భార్య లక్ష్మీదుర్గ, ఆమెకి అవతల ఇద్దరు మనుషులు పట్టేంత ఎడం వదిలి క్రిస్టీనా. ముందు ఇంకా నాలుగు దస్తావేజులు ఉన్నాయని బంట్రోతు చెప్పి వెళ్ళాడు. నాలుగంటే గంట పడుతుంది. గంటసేపు ఈ మాటల్ని జారిపోకుండా పట్టుకోవాలి. లోపల చెప్పుకుంటే ఒక్క అక్షరం తప్పటం లేదు. లోపల మాటలన్నీ ఉన్నాయి, ఎక్కడివి అక్కడే ఉన్నాయి. నోటి దాకా వచ్చేసరికే కావలసింది తప్పుకుని, దాని చోట ఏ సంబంధమూ లేనిది వచ్చి నిలబడుతోంది. పొద్దుట దుర్గ ఇంకో ఇడ్లీ వెయ్యనా అంటే చాలు అనబోయి గొళ్ళెం అన్నాడు. ఆమె నవ్వలేదు. మొదట్లో నవ్వేది. తలలో ఎడమవైపు, చెవికి పైన, నిమ్మకాయంత గడ్డ ఉందని తాడేపల్లి అవతల ఆస్పత్రిలో ఫిలిం చూపించిన రోజు నుంచీ నవ్వటం మానేసింది. సోమవారం ఆపరేషను. ఇవాళ గురువారం. తీశాక మాట తిరిగి రావచ్చు, రాకపోవచ్చు, కొన్నాళ్ళు మనుషుల్నే గుర్తుపట్టకపోవచ్చు అని డాక్టరు చెప్పాడు, చెప్పేటప్పుడు యలమంద వైపు కాకుండా దుర్గ వైపు చూస్తూ చెప్పాడు, ఆ మనిషి అప్పటికే గదిలో లేనట్టు.

నా పేరు గోరంట్ల యలమంద. గోరంట్ల దగ్గరే ఒక్కోసారి నాలుక తిరగదు. ఉత్త యలమంద అంటే చాలదా? చాలదట. లాయరు అనంతపద్మనాభం గారు అన్నీ విప్పి చెప్పారు. "చూడు యలమందా, కాగితం నేనెంత బాగా రాసినా, లోపల రిజిస్ట్రారమ్మ అడిగినప్పుడు జవాబు నీ నోటితో నువ్వే చెప్పాలి. నీకు మతి స్థిమితం లేదేమోనని ఆవిడకి అనుమానం వచ్చిందంటే రిజిస్టరు చెయ్యదు. చెయ్యకూడదు కూడా." ఆ తర్వాత కళ్ళద్దాలు తీసి పంచె కొసతో తుడుచుకుంటూ ఇంకో మాట అన్నారు. మనిషి బతికుండి, తెలివి ఉన్నంతకాలమే అతని తరఫున ఇంకొకరు సంతకం పెట్టగలరట. తెలివి పూర్తిగా పోయిన రోజున ఈ పవరాఫెటార్నీ కూడా పోయినట్టేనట. తెలివి పోతుందన్న భయంతోనే గదండీ రాయించుకుంటున్నది, అని అడుగుదామని నోరు తెరిచాడు యలమంద. "తెలివి... మరి... సున్నం..." అని ఆగిపోయాడు. ఆయన పెద్దమనిషి, అర్థం చేసుకున్నారు. "అదేనయ్యా ఇందులో తిరకాసు. అందుకే తొందరపడమంటున్నా. నీకు తెలివి ఉన్న ఒక్కో రోజూ లెక్కే." ఆ మాట విన్నప్పటి నుంచి యలమందకి నిద్రపోవటమన్నా భయంగానే ఉంది. నిద్రలో ఏమేం పోతున్నాయో తెలియదు. లేవగానే పళ్ళు తోముకునే ముందే వరసగా పేర్లు చెప్పుకుంటాడు, పాత రేడియో స్టేషన్లు వెతికినట్టు, ఏవి అందుతున్నాయో ఏవి అందటం లేదో.

ఎదురుగా మెట్ల మీద ముగ్గురు రైతులు కూర్చున్నారు. ఒకాయన చొక్కా భుజం మీద, మీసం మీద కూడా పత్తి పింజలు అంటుకుని ఉన్నాయి, చేలో నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు. మొదటి తీత మొదలైంది. పత్తి తీతకొచ్చిందంటే మిరప పూత మీద ఉంటుంది. పూత మీద ఉన్న మిరపకి ఆరేడు రోజులు నీరు తప్పితే చాలు, ఆకు వేలాడేసి పూతంతా చెట్టు మొదట్లో రాలిపోతుంది. దర్శి చుట్టూ, కురిచేడు నుంచి తాళ్ళూరు దాకా, బోర్ల మీద ఆరువందల పన్నెండు మోటార్లు అతని డబ్బాలతో నడుస్తున్నాయి. రైతులు ఫోను డబ్బా అంటారు. కరెంటు రాగానే డబ్బాయే రైతుకి ఫోను చేస్తుంది, రైతు ఒకటి నొక్కితే మోటారు తిరుగుతుంది, రెండు నొక్కితే ఆగుతుంది. ఏ వేళకి ఇస్తారో తెలియని కరెంటు కోసం చేలో కాపలా కాయనక్కరలేదు, తడికాళ్ళతో స్టార్టరు మీద చెయ్యి వెయ్యనక్కరలేదు. అన్నీ బానే ఉన్నాయి గానీ ఒక్కటే తప్పు చేశాడు. ప్రతి డబ్బాలో ఒక సిమ్ము ఉంటుంది, ఆ ఆరువందల పన్నెండు సిమ్ములూ తన పేరు మీదే తీశాడు. వచ్చిన రైతుని వెంటనే పంపాలి గదా, ఆధారు తెచ్చావా, ఫోటో తెచ్చావా అని వాళ్ళని తిప్పటం ఇష్టం లేక, పర్లేదులే బాబాయ్ నా పేరు మీద పెడతా అనేవాడు. అలా పద్నాలుగేళ్ళు. ఇప్పుడు ఫోను కంపెనీ నుంచి కాగితం వచ్చింది. సిమ్ములన్నీ ఎవరి పేరున ఉన్నాయో ఆ మనిషి గానీ, అతని తరఫున అధికారం ఉన్న మనిషి గానీ నెలాఖరులోపు మళ్ళీ రుజువులు ఇచ్చుకోవాలి, లేకపోతే అన్నీ ఆగిపోతాయి. నోటరీ కాగితం చాలదన్నారు, రిజిస్టరైన పత్రమే కావాలన్నారు. ఆరువందల పన్నెండు చేలు, ఒక్క తల. ఆ తలలో నిమ్మకాయంత గడ్డ.

ఇద్దరు బయటికి వచ్చారు, ఇద్దరు లోపలికి వెళ్ళారు. దుర్గ చెంగుతో మెడ తుడుచుకుంది. నీళ్ళ సీసా అతని వైపు చాపింది, మొహం ఇటు తిప్పకుండా. రెండు రోజులుగా అన్నీ ఇలాగే ఇస్తోంది, మందులు, కంచం, తువ్వాలు. ఆమె అడిగిన ఒకే ఒక ప్రశ్నకి అతను జవాబు చెప్పలేదు. జవాబు లేక కాదు. ఉన్న జవాబుని నోట పెట్టుకోవటానికి భయపడి. మంగళవారం చిత్తుప్రతి చదువుతుంటే ఏజెంటు పేరు దగ్గర ఆమె వేలు ఆగింది. చాలాసేపు అక్కడే ఆగింది. "నా పేరు ఎందుకు రాయించలేదు?" అంది. అంతే. అరిచినా బాగుండేది. వాళ్ళ అన్నలు వచ్చి అరిచారు, ఇంట్లో ఆలిని పెట్టుకుని కొట్లో పనిచేసే మనిషి పేరు రాస్తాడా, ఊళ్ళో మొహం ఎలా చూపించుకోవాలి, అసలా పిల్ల ఎవరు, ఏ కాలనీ నుంచి వచ్చింది అని. యలమంద గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆమె మాత్రం వాళ్ళకి కాఫీలు ఇచ్చి పంపించి, సాక్షి సంతకానికి నేనొస్తా అంది.

అసలు ఆ డబ్బా పుట్టిందే ఆమె నోట్లోంచి. ఆ సంగతి ఊళ్ళో ఎవరికీ తెలియదు, అడిగిన వాళ్ళందరికీ నేను కనిపెట్టానని చెప్పుకున్నాడు. అప్పుడతను టీవీలు బాగుచేసేవాడు, పగలంతా పక్క ఊళ్ళలో తిరిగేవాడు, చేను ఆమె చూసుకునేది. ఏడో నెల. కరెంటు వచ్చిందని ఎవరో కేకేస్తే పొట్ట పట్టుకుని కాలవ గట్టు మీద మైలున్నర నడిచి వెళ్ళేది, వెళ్ళేసరికి కరెంటు పోయేది. ఒక రోజు వచ్చి గుమ్మంలో కూలబడి, వాచిన కాళ్ళు చాపుకుని, "ఏమయ్యా, నీ జేబులో ఫోను మోగితే నువ్వు ఏడున్నా పలుకుతున్నావు గదా, దాన్ని తీసకపోయి ఆ మోటారుకి కడితే అది పలకదా?" అంది. పకపకా నవ్వాడు. నవ్వి, వారం తిరిగేలోపల ఒక పాత ఫోను విప్పాడు. అది వణికేందుకు లోపల చిన్న మోటారు ఉంటుంది, దాన్ని పీకేసి ఆ రెండు తీగలూ బోరు మోటారుని ఆన్ చేసే రిలేకి కలిపాడు. మంచం మీద పడుకుని దుర్గ ఫోను చేసింది, మైలున్నర అవతల నీళ్ళు పడ్డాయి. ఆ రోజు చేలో అతను ఒక్కడే నిలబడి కేకలు వేశాడు, ఫోనులో ఆమె ఏంది, ఏమైంది, ఎవరికన్నా దెబ్బ తగిలిందా అని ఒకటే అరుపులు. ఆ కడుపులో పిల్ల ఇప్పుడు ఒంగోలు హాస్టల్లో ఉంది, నాన్నకి తలనొప్పి అని మాత్రమే తెలుసు.

మరి ఆమె పేరు ఎందుకు రాయించలేదు? నా పేరు గోరంట్ల యలమంద, మా నాన్న పేరు వెంకటప్పయ్య. ఎందుకంటే ఫిలిం చూసొచ్చిన రోజు సాయంత్రం దుర్గ అంది, "కొట్టు అమ్మేద్దామయ్యా. హైదరాబాదు కంపెనీ వాళ్ళు రెండేళ్ళ నుంచి అడుగుతున్నారుగా." ఆమె తప్పేం లేదు. నెత్తి మీద ఆపరేషను, పక్కన ఎదిగే పిల్ల, ఎవరైనా అదే అంటారు. కానీ వాళ్ళు కొనేది పేరునీ, రైతుల జాబితానీ. పాత డబ్బాలు ఆపేస్తారు, కొత్తవి కొనుక్కోమంటారు, ఆ మాట వాళ్ళ మనిషి ముందే దాచకుండా చెప్పాడు. పూత మీద ఉన్న చేలకి నీళ్ళు ఆగిపోతాయి. తను ఆపరేషను బల్ల మీద ఉన్నప్పుడు ఎవరో అమ్మకం కాగితం తెచ్చి దుర్గ ముందు పెట్టి, మందులకి డబ్బు వస్తుందంటే, ఆమె సంతకం పెడుతుంది. తన కోసమే పెడుతుంది. అతను దుర్గని నమ్మక కాదు, తన మీద ఆమెకున్న ప్రేమని నమ్మి భయపడ్డాడు. ఈ ఒక్క ముక్క ఆమెకి చెప్పాలి. రెండు రోజులుగా లోపల ఎన్నిసార్లు చెప్పాడో. నోరు తెరిస్తే ప్రేమ అన్న చోట ఏం వస్తుందో, పెంకు వస్తుందో గడ్డపార వస్తుందో, అది విని ఆమె మొహం ఏమవుతుందో అని నోరు తెరవలేదు.

క్రిస్టీనా కూడా ఒప్పుకోలేదు. తొమ్మిదేళ్ళ కిందట కొట్లో బిల్లులు రాయటానికి వచ్చి, ఎవరూ చెప్పకుండానే చూసి చూసి టంకం పెట్టటం నేర్చుకున్న మనిషి. ఎక్కడో ఒక చేలో డబ్బా పలకటం లేదంటే స్కూటీ వేసుకుని పోయి, గట్టు మీద గొంతుకూర్చుని బాగుచేసి వస్తుంది. జబ్బుని మొదట పసిగట్టింది కూడా ఆమే. శ్రావణంలో ఒకసారి, ఆ పసుపు తీగ ఇవ్వమ్మా అనబోయి, ఆ పసుపు పిల్లి ఇవ్వమ్మా అన్నాడు. ఆమె పడీ పడీ నవ్వింది. తర్వాత రోజు మళ్ళీ పిల్లి అన్నాడు. ఆమె నవ్వలేదు, తీగ తెచ్చి చేతిలో పెట్టింది. ఆ తర్వాత నెల రోజులు అతను అడగకముందే అన్నీ అందిస్తూ వచ్చింది, వచ్చిన రైతులతో తనే మాట్లాడుతూ వచ్చింది, ఒకరోజు షట్టరు సగం దించి, "సార్, మీరు డాక్టరు దగ్గరికి పోకపోతే మేడంకి నేను చెప్పేస్తానండీ" అంది. పవరాఫెటార్నీ సంగతి చెబితే చేతులు జోడించింది. "నాకొద్దండీ సార్. మేడం మొహం చూడలేను. మా వాళ్ళు కూడా ఊరుకోరండీ, రేపు ఏదన్నా తేడా వస్తే అందరూ నన్నే అంటారు." అతను మాట్లాడలేక, రైతుల పేర్లున్న లావు పుస్తకం తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టాడు. ఆమె దాన్ని కాసేపు చూసి ఏడ్చింది. ఒప్పుకున్నట్టా కానట్టా అతనికి అర్థం కాలేదు, కానీ ఇవాళ ఇస్త్రీ చీర కట్టుకుని, ఆధారు కార్డు పట్టుకుని వచ్చింది. క్రిస్టీనా. క్రిస్టీనాకి నా ఇష్టపూర్వకంగా. క్ర దగ్గర పళ్ళు బిగించకూడదు. క్రిస్టీనా, క్రిస్టీనా, క్రిస్టీనా.

"గోరంట్ల యలమంద ఎవరండీ!"

లేచేసరికి కాళ్ళు తడబడ్డాయి. దుర్గ మోచెయ్యి పట్టుకోబోయి మళ్ళీ వదిలేసింది, నడవలేని మనిషిలా లోపలికి వెళితే అనుమానం వస్తుందని. లోపల చల్లగా ఉంది. బల్ల వెనక రిజిస్ట్రారమ్మ, యాభై ఏళ్ళుంటాయి, పక్కన కంప్యూటరు దగ్గర గుమాస్తా. అనంతపద్మనాభం గారు కాగితాలు బల్ల మీద పెట్టి పక్కకి నిలబడ్డారు. వేలిముద్ర తీసుకున్నారు, ఫోటో తీసుకున్నారు. అదంతా మాటలు అక్కర్లేని పని, యంత్రాలతో పని, అతనికి కొంచెం ధైర్యం వచ్చింది.

"మీ పేరేంటండీ?"

"గోరంట్ల యలమంద." వచ్చింది. గంట మోగినట్టు వచ్చింది. దాని వెనకే, "మా నాన్న పేరు వెంకటప్పయ్య. ఈ పత్రం చదివించుకుని విన్నాను."

ఆమె తలెత్తింది. "సరే, నేనడిగింది చెప్పండి చాలు. ఈ అధికారం ఎవరికిస్తున్నారు?"

అక్కడ తెగింది. ఒక దారాన గుచ్చుకున్న మాటలు, మధ్యలో ఆమె చెయ్యి పెట్టేసరికి దారం జారిపోయింది. ఎవరికో అతనికి తెలుసు. గోడ పక్కన నిలబడి ఉంది. మణికట్టు మీద టంకం కాలిన మచ్చ కూడా కనబడుతోంది. పేరు ఎలా ఉంటుందో తెలుసు, ఎంత పొడుగు ఉంటుందో తెలుసు, క్ర తో మొదలవుతుందనీ తెలుసు. పెదాలు కదిపాడు. "పూత," అన్నాడు.

"ఏంటండీ?"

"పూతకి."

గుమాస్తా వేళ్ళు ఆగిపోయాయి. రిజిస్ట్రారమ్మ కలం కింద పెట్టింది. ఆ కలం బల్లకి తగిలిన చిన్న చప్పుడు యలమందకి వెన్ను పొడుగునా వినిపించింది. అయిపోయింది. కాగితాలు వెనక్కి ఇస్తారు, నెలాఖరు వస్తుంది, ఒక్కో డబ్బా మూగపోతుంది, ఆరువందల పన్నెండు మంది ఫోన్లు చేస్తారు, ఎవరికీ జవాబు ఉండదు. అనంతపద్మనాభం గారు ముందుకి వచ్చి, "ఆపరేషను ఉందమ్మా సోమవారం, మాట తడబడుతోందే గానీ" అంటుంటే ఆమె చెయ్యెత్తి ఆపింది. "మీరుండండి. ఆయనతో నన్ను మాట్లాడనివ్వండి." కుర్చీ ముందుకి జరుపుకుంది. గొంతు మార్చింది, కొంచెం నెమ్మదిగా, చిన్నపిల్లలతో మాట్లాడినట్టు కాకుండా, చెవిటివాళ్ళతో మాట్లాడినట్టు కూడా కాకుండా. "ఊరికే అవును, కాదు అని చెప్పండి. మీ ఇల్లు అమ్మే హక్కు ఈ పత్రంలో ఇస్తున్నారా?"

"కాదు."

"వ్యాపారం నడిపే హక్కు, సిమ్ములవీ బ్యాంకువీ సంతకాలు పెట్టే హక్కు?"

"అవును."

"ఎవరన్నా బలవంతం చేశారా?"

"కాదు."

"మీకు ఇష్టం లేకపోతే ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు, తెలుసా?"

"అవును."

ఆమె పత్రం వైపు చూసింది, ఇద్దరు ఆడవాళ్ళ వైపు చూసింది. దుర్గని చూపించింది. "ఈమె మీ భార్య గదా. అధికారం ఈమెకిస్తున్నారా?"

యలమంద దుర్గ వైపు చూడకూడదనుకున్నాడు, చూశాడు. ఆమె కూడా చూసింది, రెండు రోజుల తర్వాత మొదటిసారి సూటిగా. ఇప్పుడైనా నాలుక తిరగకపోతే బాగుండు, ఇప్పుడైనా ఏదో ఒక పిచ్చి మాట, సున్నమో గొళ్ళెమో వచ్చి అడ్డం నిలబడితే బాగుండు. "కాదు," అన్నాడు. మూడు నెలల్లో అంత స్పష్టంగా ఏ మాటా రాలేదు. గదిలో ఆ మూలకి కూడా వినిపించింది. క్రిస్టీనా తల దించుకుంది. ఆమెని చూపించి ఈవిడకేనా అని అడిగితే అవును అన్నాడు, ఆ అవును మాత్రం సగమే వినబడింది.

రిజిస్ట్రారమ్మ ఇంకా తేల్చుకోలేదు. కలం వైపు చెయ్యి పోయి ఆగింది. "ఏమ్మా, సాక్షి మీరే గదా. మీరు చెప్పండి, ఈయన తెలిసే చేస్తున్నాడా?"

దుర్గ ఒక్క మాట చెబితే చాలు. తెలియదండీ అంటే చాలు, అబద్ధం కూడా కాదు, కళ్ళనీళ్ళు పెట్టుకుని మౌనంగా నిలబడినా చాలు. అన్నల మాట నెగ్గుతుంది, ఊళ్ళో మొహం నిలబడుతుంది. దుర్గ చెంగు భుజం మీదికి లాక్కుంది.

"ఆయనకి తెలివి బానే ఉందండి," అంది. "నాకు కాదని చెప్పేంత బానే ఉంది."

రిజిస్ట్రారమ్మ కాసేపు ఆమెనే చూసి, కలం తీసుకుంది.

వరండాలోకి వచ్చాక అనంతపద్మనాభం గారు కాగితం చేతిలో పెట్టి, జాగ్రత్తలు చెప్పి వెళ్ళిపోయారు. ముగ్గురూ అదే బల్ల మీద కూర్చున్నారు. ఎండ మెట్ల మీదికి ఎక్కింది. యలమంద ఒళ్ళంతా చెమట, పని అయిందన్న సంతోషం ఎక్కడా లేదు, ఆ కాదు అన్న మాట ఇంకా నోట్లోనే ఉన్నట్టుంది. క్రిస్టీనా ఆమె వైపు తిరిగి, "మేడం, నేనడగలేదండీ" అంది. "తెలుసులే," అంది దుర్గ. "లాయరుగారు చెప్పింది విన్నావా? ఈయనకి సోమవారం ఏమన్నా అయ్యి తెలివి రాకపోతే ఈ కాగితం చెల్లదంట. మరి ఆ సిమ్ములన్నీ రైతుల పేర్ల మీదకి మార్చాలంటే ఎంతసేపు పడుద్ది?"

"రైతు ఆధారు పట్టుకొని వస్తే రెండు నిమిషాలండీ. ఆరొందల మందిని పిలవటమే..."

"రమ్మంటే వస్తారు, ఎందుకు రారు. నాలుగు రోజులుంది గదా. నేను ఫోన్లు చేస్తా, నువ్వు మార్చు. ఆ పుస్తకం తే."

క్రిస్టీనా సంచీలోంచి లావు పుస్తకం తీసి ఇచ్చింది. ఇద్దరి మధ్యా ఉన్న ఎడంలో అది తెరుచుకుంది. దుర్గ వేలితో వరస చూసుకుంటూ నంబర్లు నొక్కటం మొదలుపెట్టింది. నేను దుర్గని బాబాయ్, యలమంద భార్యని. ఆ, బానే ఉన్నాడు. రేపు పొద్దున్నే ఆధారు కార్డు తీసుకొని కొట్టుకాడికి రా. మీ అన్నకి కూడా చెప్పు. ఆమె పలికే ప్రతి పేరూ యలమంద చెవిలోకి పూర్తిగా, చెక్కు చెదరకుండా వచ్చి పడుతోంది, పేరుతోపాటు చేను, బోరు, గట్టు మీద కుక్కతో సహా. వినటం ఇంకా ఉంది. అదన్నా ఉంది. ఆమెకి ఇప్పుడైనా చెప్పాలి, ఆ కాదు అన్నదాని వెనక ఏముందో, ఒక్క ముక్క, ఎలాగైనా. ఇంకో పేరు అయ్యాక చెబుదాం, ఇది అయ్యాక చెబుదాం అని లోపల సర్దుకుంటూనే ఉన్నాడు.

రెండో పేజీలో ఒక నంబరు దగ్గర దుర్గ ఆగింది. అక్కడ పేరు లేదు, ముం అని ఒక్క అక్షరం, అతని చేతిరాత. పుస్తకం అతని వైపు తిప్పింది. "ఇదెవరిదయ్యా?"

అతనికి వెంటనే కనపడింది. ముండ్లమూరు దాటాక చప్టా పక్కన చేను, ఒంటికన్ను ముసలాయన, మోటారు దానంతటదే తిరిగిన రోజున డబ్బాకి దణ్ణం పెట్టి, సిగ్గుపడి, అతనికి బుట్టెడు వంకాయలు ఇచ్చినాయన. పేరు పెదాల దాకా వచ్చింది. నోరు తెరిచాడు.

"దుర్గ."

"నా పేరు కాదయ్యా, ఈ నంబరు ఎవరిదని."

ఊపిరి తీసుకున్నాడు, కళ్ళు మూసుకున్నాడు, ఆ ముసలాయన మొహాన్ని గట్టిగా పట్టుకున్నాడు, ఆ మొహం కింద పేరు వెతికాడు.

"దుర్గ," అన్నాడు.

ఆమె అతని మొహంలోకి చూసింది. అతను తల అడ్డంగా ఊపాడు, అది కాదని అతనికీ తెలుసు, మళ్ళీ నోరు తెరవటానికి భయమేసి మూసుకున్నాడు. క్రిస్టీనా అటు తిరిగింది. దుర్గ పుస్తకం తన ఒళ్ళోకి తిప్పుకుని ఆ నంబరే నొక్కి, ఫోను చెవికి ఆనించుకుని, రెండో చేత్తో అతని మోచెయ్యి పట్టుకుంది. అవతల చాలాసేపు మోగింది.

"హలో," అంది. "ఎవరండీ మాట్లాడేది?"